చోక్ వైరు ఎందుకు కాలింది? సీమలో పాత కారు, దాని రోగాలు, దాన్ని బాగుచేసిన చేతులు

ఇంతవరకు మన ఎపిసోడ్లలో కోటల గురించి, కాలువల గురించి, కరువుల గురించి మాట్లాడుకున్నాం. ఈరోజు పాత కారు గురించి మాట్లాడుకుందాం. అంబాసిడర్, ఫియట్, జీపు. ఇందులో చరిత్ర ఏముంది అంటారేమో. ఉంది. ఒక ఊరి ఎండ, ఒక ఊరి నీళ్లు, ఒక దేశం పెట్టుకున్న దిగుమతి నియమాలు, ఇవన్నీ కలిసి ఒక కారు ఎక్కడ ఆగిపోవాలో నిర్ణయించాయి. దాన్ని మళ్లీ కదిలించే విద్య కూడా అక్కడే పుట్టింది. సినిమాల్లో మన సీమ కారంటే సుమోలు గాల్లోకి లేవడమే చూపిస్తారు. నేను చిన్నప్పుడు చూసిన సీమ కారు మాత్రం బానెట్ ఎత్తుకుని చింతచెట్టు కింద నిలబడి ఉండేది. పక్కన ఒక మనిషి తడిగుడ్డ పిండుతూ ఉండేవాడు.

ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 1980లలో మాట. మాకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. ఒకరోజు పొద్దున కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే టిక్కుమని ఒక శబ్దం, అంతే. నాన్న ఒక షాపుకు పోతే బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేశారు. రెండు రోజులు బాగానే నడిచింది. మూడోరోజు మా అక్కను కాన్పుకు కడప తీసుకుపోతున్నాం. దువ్వూరు దగ్గర టీకి ఆగి మళ్లీ తాళం తిప్పితే అదే టిక్కు. వెనక సీట్లో అక్కకు నొప్పులు మొదలైనాయి. నాన్నకు చెమటలు.

అక్కడ రోడ్డు పక్కన చిన్న షెడ్డు. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చాడు. స్పానర్ పట్టుకోలేదు. నాన్నతో, "తాళం తిప్పన్నా" అన్నాడు. నాన్న తిప్పాడు. ఉస్తాద్ డాష్‌బోర్డు కింద చోక్ వైరును వేలితో తాకి చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. "వైరు కాలుతాంది సూడు. బ్యాటరీ మార్చినావా? ఊరికే లెక్క పారేసుకుంటివి కదన్నా" అన్నాడు. లెక్క అంటే మా వైపు డబ్బు. తర్వాత కారు కిందికి దూరి, ఇంజిన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండే అల్లిక పట్టీ విప్పాడు. తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. కారు ఒక్క తాళానికే లేచింది.

జరిగింది ఏమిటంటే, స్టార్టర్ మోటారుకు పెద్ద కరెంటు కావాలి. ఆ కరెంటు ఇంజిన్ నుంచి బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి ఉన్న దారి ఆ ఎర్త్ పట్టీ. అది లూజైతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఇంజిన్‌నూ బాడీనీ కలిపే ఇంకో ఇనుప తీగ చోక్ వైరు. కరెంటంతా ఆ సన్నటి తీగలోంచి పోవాలని చూస్తుంది, తీగ కాలిపోతుంది, స్టార్టర్ మాత్రం తిరగదు. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు టెర్మినళ్లు, వైర్లు అటూ ఇటూ కదిలాయి కాబట్టి రెండు రోజులు పనిచేసింది. రోగం మాత్రం అక్కడే ఉంది.

ఈ విద్య ఆ ఉస్తాద్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? దానికోసం కొంచెం వెనక్కు పోదాం.

హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలైంది, తర్వాత పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాకు మారింది. ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను వాల్‌చంద్ హీరాచంద్ 1944లో బొంబాయిలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఒక మాట గట్టిగా చెప్పింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకోవడం చాలదు, ఇక్కడే తయారు చెయ్యాలి అని. జనరల్ మోటార్స్, ఫోర్డ్ లాంటి కంపెనీలు 1950ల మధ్యకల్లా సర్దుకుని వెళ్లిపోయాయి. ఆ రోజుల్లోనే, 1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్లు, మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచిన కాలం అది. రాజధాని హైదరాబాద్‌కు వెళ్లిపోయిన తర్వాతి ఏడాది, 1957లో, మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా అంబాసిడర్ వచ్చింది. అటు ఫియట్ 1100, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని. మద్రాసు నుంచి స్టాండర్డ్ హెరాల్డ్. మహీంద్రా జీపు. దాదాపు ముప్పై ఏళ్లు దేశంలో ఎటు చూసినా ఇవే.

దీనివల్ల నష్టం ఏమిటో అందరికీ తెలుసు. కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూపులు, మారని డిజైను. లాభం కూడా ఒకటి ఉంది. నాలుగైదు రకాల బండ్లే కాబట్టి, నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో ఉన్న మెకానిక్ ఒక్కో బండిని నట్టు నట్టు నేర్చుకున్నాడు. సామాన్లు మాత్రం దూరం నుంచి రావాలి. స్పార్క్ ప్లగ్గులు చేసే మైకో 1951లో బెంగళూరులో మొదలైంది. డైనమోలు, స్టార్టర్లు చేసే లూకాస్ టీవీఎస్ 1961లో మద్రాసులో వచ్చింది. కడప నుంచి మద్రాసు సుమారు 260 కిలోమీటర్లు. కర్నూలు నుంచి హైదరాబాద్ రెండొందలకు పైన. సామాను తెప్పించాలంటే రోజులు, లెక్క. అందుకని "పోయినట్టుంది, మార్చేద్దాం" అనే మాట చెల్లదు. ఖచ్చితంగా ఏది పోయిందో తేలాలి, ఆ తర్వాతే మద్రాసుకు మనిషిని పంపాలి. లేమి నేర్పిన క్రమశిక్షణ అది. చేత్తో తాకడం, చెవితో వినడం, ముక్కుతో వాసన చూడడం ముందు. స్పానర్ తర్వాత.

సరే, ఇప్పుడు రోగాలకు వద్దాం. అంబాసిడర్‌కు మూలమైన మారిస్ పుట్టింది ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ దగ్గర. అక్కడ ఎండాకాలం మధ్యాహ్నం సగటున 22, 23 డిగ్రీలు. మన కర్నూల్లో, నంద్యాలలో మే నెలలో 43, 44 కొత్తేమీ కాదు. రోడ్డు మీద, బానెట్ కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి.

మొదటి రోగం, మిట్టమధ్యాహ్నం నడుస్తూ నడుస్తూ ఆగిపోవడం. పెట్రోల్లో తేలికైన భాగం 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలవుతుంది. ఆ కార్లలో పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉండేది. ఇంజిన్ వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతే పంపు ఆవిరిని లాగలేదు, నెట్టలేదు. కార్బురేటర్ ఎండిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు. మందు ఏమిటంటే తడిగుడ్డ. పంపు మీద గుడ్డ చుట్టి నీళ్లు పోస్తే ఐదు, పది నిమిషాల్లో బండి లేస్తుంది. ఇందులో మంత్రం లేదండీ. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా. కోస్తాలో ఉక్కపోతలో ఈ తడిగుడ్డ అంతగా పనిచేయదు. మన పొడి ఎండలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రోగం ఇచ్చిన ఎండే మందు కూడా ఇచ్చింది.

కానీ ఎండలో ఆగిన ప్రతి బండికీ వేపర్ లాక్ కాదు. ఇక్కడే ఉస్తాద్‌ల వరస చూడాలి. ముందు కరెంటు, తర్వాత పెట్రోలు, ఆ తర్వాత గాలి. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, దాని లోహం ఇంజిన్‌కు ఆనించి తిప్పితే నీలంగా నిప్పురవ్వ రావాలి. పెట్రోలు చిందిన చోట మాత్రం ఈ పని చెయ్యకూడదు. రవ్వ ఎర్రగా బలహీనంగా ఉంటే, అసలు రాకపోతే, వేడికి ఇగ్నిషన్ కాయిల్ దెబ్బతిని ఉండొచ్చు, కండెన్సర్ పోయి ఉండొచ్చు. రవ్వ బాగుంటే, దాన్ని ఆపేసి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి ఇంజిన్ తిప్పాలి. పెట్రోలు దఫదఫాలుగా చిమ్మాలి. రాలేదంటే పంపో, ఆవిరో, చెత్తో. అప్పుడు చుట్టుపక్కల బీడీ ఉండకూడదు, అది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న తమాషా ఉంది. మన దుమ్ముకు పెట్రోలు ట్యాంకు మూతలో గాలి పోయే సన్నటి బెజ్జం మూసుకుపోతుంది. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ లోపలికి గాలి రాక ట్యాంకులో పీల్పు ఏర్పడుతుంది. ఓ పది, ఇరవై కిలోమీటర్లు పోయి బండి ఆగుతుంది. మూత తీస్తే ఉస్సుమంటుంది, బండి మళ్లీ నడుస్తుంది. ఈ ఒక్క బెజ్జం తెలియక మంచి పంపులు మార్చుకున్నవాళ్లు ఉన్నారు.

రెండో రోగం, ఇంజిన్ కాగడం. దీనికి ఎండ ఒక్కటే కారణం అనుకుంటాం. నన్నడిగితే మన సీమలో అసలు కారణం నీళ్లు. కడప బండలు, బేతంచెర్ల బండలు, ఎర్రగుంట్ల సిమెంటు, ఇవన్నీ సున్నపురాతి నేల ఇచ్చినవే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసే ఉంటారు. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ గుహలను తొలిచింది నీళ్లే, సున్నపురాయిని కరిగించుకుంటూ. ఆ కరిగిన సున్నం బోరు నీళ్లలో, బావి నీళ్లలో ఉంటుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడండి, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. గొట్టాలు సన్నవి. నాలుగేళ్లు ఉప్పునీళ్లు పోస్తే సగం మూసుకుపోతాయి. గుహ చేసిన నీళ్లే గొట్టం పూడ్చాయన్నమాట.

అందుకే తెలిసిన డ్రైవర్లు వానకాలంలో పట్టి పెట్టుకున్న నీళ్లు రేడియేటర్‌కు దాచేవాళ్లు. తాగడానికే నీళ్లు కరువైన ఊళ్లలో కారుకు మంచినీళ్లు పోయడం ఇంట్లో ఆడవాళ్లకు ఎట్లా అనిపించేదో చెప్పక్కర్లేదు. బిందెలు మోసేది వాళ్లు. ఎవరికి ముందు నీళ్లు అనే ప్రశ్న మన దగ్గర కారు వరకూ వచ్చింది. కూలెంట్ డబ్బాలు కిరాణా సామాన్లలా దొరకడం ఈమధ్య సంగతి.

ఇంజిన్ కాగితే చెయ్యాల్సిన పని ఆగడం. ఫ్యాన్ బెల్టు తెగిందా, లూజైందా చూడండి. రేడియేటర్ ముందు జాలిలో గడ్డి, పురుగులు, దుమ్ము ఉందా చూడండి. మూత జోలికి మాత్రం పోవద్దు. రేడియేటర్ మూతకు ఒత్తిడి నిలిపే స్ప్రింగు ఉంటుంది. ఆ ఒత్తిడి వల్ల లోపల నీళ్లు 110 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోయి నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి లేస్తాయి. ఆ మచ్చలు మొహాన ఉన్న డ్రైవర్లను నేను చూశాను. అరగంట ఆగండి. చల్లారాక గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాగిన ఇంజిన్‌లో చల్లనీళ్లు గబుక్కున పోస్తే పోత ఇనుము చీలుతుంది. చీలిన బ్లాకుకు ఆ రోజుల్లో మన జిల్లాల్లో మందు లేదు.

మూడోది ఘాట్. కడప నుంచి రాయచోటి పోతుంటే గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. ఎక్కేటప్పుడు ఇంజిన్ కాగుతుంది, దిగేటప్పుడు బ్రేకులు కాగుతాయి. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అదేపనిగా తొక్కుతూ దిగితే డ్రమ్ము వేడెక్కి ఉబ్బుతుంది, లైనింగ్ పట్టు తప్పుతుంది. పెడలు నొక్కుతున్నా బండి ఆగదు. ఉస్తాద్‌ల సూత్రం ఒకటే, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. ఇంజినే బండిని పట్టుకుంటుంది. గువ్వలచెరువు పాలకోవాకు పేరున్న ఊరు. అక్కడ ఆగి కోవా తినడం రుచికీ మంచిది, డ్రమ్ములు చల్లారడానికీ మంచిది. ఈ ఘాట్లో పోయిన ప్రాణాలు తక్కువేమీ కాదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నాలుగోది కరెంటు. ఆ కార్లలో ఆల్టర్నేటర్ లేదు, డైనమో. డైనమో బండి వేగంగా పోతేనే బాగా కరెంటు ఇస్తుంది. నిలబెట్టి నడిపితే దాదాపు ఏమీ ఇవ్వదు. అందుకే ఆ కాలం కార్లు ఊళ్లోకి రాగానే లైట్లు ఎర్రబడేవి, ఊరు దాటగానే తెల్లబడేవి. అది రోగం కాదు, దాని స్వభావం. రోజూ రాత్రిపూట కొద్ది దూరమే తిరిగితే బ్యాటరీ దిగిపోతుంది, మర్నాడు హ్యాండిల్ వేసి తిప్పాలి. ఎండాకాలం బ్యాటరీలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ వారానికోసారి చూసుకోవాలి. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూస్తుంది. వేడినీళ్లు పోసి కడిగి, బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి.

డిస్ట్రిబ్యూటర్‌లో కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి. వాటి సందు 14 నుంచి 16 థౌ, అంటే మిల్లీమీటరులో సుమారు 0.35 నుంచి 0.4. సందు తప్పితే బండి దగ్గుతుంది, లాగదు, పొద్దున లేవదు. పాయింట్లు మాటిమాటికీ కాలి నల్లబడుతుంటే పాయింట్లను తిట్టకుండా కండెన్సర్ మార్చాలి. ఇంకో సంగతి, 1950ల నాటి బ్రిటిష్ డిజైన్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి బిగించి ఉండేది. ఇది తెలియక ఈరోజుల్లో పాత బండి కొన్న కుర్రవాళ్లు బ్యాటరీ తిరగేసి పెట్టి సామాన్లు కాల్చుకుంటున్నారు. పాత కారు కొంటే ముందు ఆ వైరు ఎటు ఉందో చూడండి. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టే అలవాటు ఒకటి ఉండేది. అది మాత్రం ఉస్తాద్‌ల విద్య కాదు, బండికి నిప్పు పెట్టే పని. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. ఆ చోటు వెతకాలి.

ఇదంతా ఎప్పుడు మారింది? 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. అటు తర్వాత కార్బురేటర్లు పోయి ఇంజెక్షన్ వచ్చింది, కంప్యూటర్ తగిలించి రోగం చదివే కాలం వచ్చింది. 2014 మేలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. చింతచెట్టు కింద షెడ్లలో కొన్ని టైర్ల షాపులైనాయి, కొన్ని మూతపడ్డాయి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులు, పంపులోని డయాఫ్రం దాన్ని తట్టుకునేలా చేసినవి కావు. మెత్తబడి కారుతాయి. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి కదలకుండా ఉంచిన బండి ట్యాంకులో తుప్పు పడుతుంది. పాత కారు ఉన్నవాళ్లు ముందు ఆ పైపులు మార్చించండి. పెద్ద ఖర్చు కాదు, మంటలు రాకుండా కాపాడుతుంది.

మొన్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఆరోజు కారులో కడుపులో ఉన్న పిల్లే. "మామా, తాత కారు ఇంకా షెడ్డులోనే ఉంది, తుక్కుకు ఇచ్చేద్దామా? పాత కారు ఆర్.సి. రెన్యువల్‌కు ఫీజు బాగా పెంచారంటున్నారు" అంది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు 600 నుంచి 5,000కు పెరిగిన మాట నిజమే. యాభై ఏళ్లు దాటితే వింటేజ్ కింద వేరే రిజిస్ట్రేషన్ కూడా 2021 నుంచి ఉంది. ఇవ్వడం, ఉంచడం మీ ఇష్టం అన్నాను. ఇచ్చేముందు ఒక పని చెయ్యమన్నాను. మీ ఊళ్లో డైనమో తెలిసిన పెద్దాయన ఎవరైనా మిగిలి ఉంటే పిలిపించి, కారు ముందు నిలబెట్టి, ఆయన ఏది ముందు చూస్తాడో ఏది తర్వాత చూస్తాడో రాసుకో, వీలైతే వీడియో తియ్యి అని చెప్పాను. కారు ఎక్కడైనా ఇంకొకటి దొరుకుతుంది. చోక్ వైరు మీద వేలు పెట్టాలని తెలిసిన మనిషి దొరకడు.

ఆరోజు దువ్వూరు దగ్గర ఆ ఉస్తాద్ ఎంత తీసుకున్నాడో నాన్న తర్వాత చాలాసార్లు చెప్పేవాడు. ఏమీ తీసుకోలేదట. "ఆడబిడ్డ లోపల ఉంది, ముందు పోండి అన్నా" అన్నాడట. మేం కడప చేరేసరికి సాయంత్రమైంది. అక్క, బిడ్డ ఇద్దరూ క్షేమం.

మీ ఇళ్లలో కూడా ఇట్లాంటి కారు, ఇట్లాంటి మేస్త్రీ ఉండే ఉంటారు. పెద్దవాళ్లను ఒకసారి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం.